మిగిలే ఊపిరి

1967 డిసెంబర్ 3, ఆదివారం

నిన్న సర్జన్‌గారు కోయవచ్చు అన్నారు. మొగుణ్ణి కోయవచ్చు అంటే ఇంత సంతోషపడే పెళ్ళాం ఈ తార్నాకలో నేనొక్కదాన్నే ఉంటాను. బస్సులో వస్తున్నంతసేపూ నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

ఎడమ ఊపిరితిత్తిలో కింది భాగం పాడైపోయింది. క్షయ తగ్గింది, మందులూ అయిపోయాయి, అది తిని వదిలేసిన చోటు మాత్రం బాగుపడలేదు. అక్కడ తెమడ చేరుతుంది, కుళ్ళుతుంది. ఈ వానాకాలంలో మూడుసార్లు నెత్తురు పడింది. ఆ ముక్క తీసేస్తే పీడ పోతుందట. కాకపోతే మత్తు డాక్టరు ఒప్పుకోవాలి. మత్తునూ కోతనూ తట్టుకునే ఊపిరి ఈ మనిషిలో ఉందో లేదో ఆమె పరీక్ష చేసి చెప్పాలట. పరీక్షే కదా. ఆయన యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం లెక్చరరు, నేను లాలాగూడలో ఐదో తరగతి టీచర్ని. ఎంతమంది మొద్దులను పాస్ చేయించలేదు మేమిద్దరం!

ఈ ఇంట్లో 'ఆపరేషనయ్యాక' అన్నది పండగ పేరైపోయింది. ఆపరేషనయ్యాక సినిమాకు పోదాం. ఆపరేషనయ్యాక అనంతపురం పోయి మీ అమ్మను చూసొద్దాం. ఆపరేషనయ్యాక లోపల పడుకుంటాను. ఈ చివరి మాట ఆయన ఒక్కసారే అన్నారు. నాకు అదే చాలు.

శానిటోరియం నుంచి వచ్చి ఐదేళ్ళు. అప్పటి నుంచీ ఆయన మంచం వరండాలోనే, వెదురు తడిక వెనక. కంచం వేరు, గ్లాసు వేరు, తుండుగుడ్డ వేరు. నా చేతికి ఏదీ ఇవ్వరు. తాళంచెవైనా, ఉత్తరమైనా బల్ల మీద పెట్టి పక్కకు జరుగుతారు, నేను తీసుకోవాలి. చూసేవాళ్ళు మేమేదో మడి పాటిస్తున్నామనుకుంటారు. మా మరిది శ్రీనివాసులు కూడా ఈ జబ్బుతోనే పోయాడు కాబట్టి నేను ఎదురు చెప్పలేదు.

నాకు ముప్ఫై రెండేళ్ళు. ఆయన పక్కన పడుకోవాలని ఉంది. రాయడానికి సిగ్గుగానే ఉంది, రాసేశాను.

డిసెంబర్ 5, మంగళవారం

ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కాలేజీకి పోయారు. వెనకనుంచి చూస్తే జబ్బు మనిషని ఎవరూ అనరు.

డిసెంబర్ 8, శుక్రవారం

మత్తు డాక్టరమ్మ పేరు కమలాదేవి. పొట్టి మనిషి, జుట్టు నెరిసింది, నవ్వదు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఆమె బల్ల మీద అగ్గిపెట్టె చూసి సిగరెట్లు కాలుస్తుందేమో అనుకున్నాను. దాంతోనే పరీక్ష. పుల్ల గీసి ఆయన నోటికి జానెడు దూరంలో పట్టుకుని ఊదమంది. ఆయన పెదాలు సున్నాలా చుట్టి ఊదారు. ఆరిపోయింది. నేను గెలిచినట్టే చూశాను.

"అట్ల కాదు సార్. పెదాలు చుట్టొద్దు. నోరు బార్లా తెరిచి ఊదండి" అంది ఆమె.

రెండో పుల్ల గీసింది. నోరు తెరిచి ఊదితే మంట వంగింది గానీ ఆరలేదు. మూడోది ఆమె వేళ్ళ దాకా కాలింది, తనే ఊది పారేసింది.

ఆ తర్వాత నీళ్ళ తొట్టిలో బోర్లించిన డబ్బా. దానికున్న గొట్టంలోకి ఊదితే డబ్బా పైకి లేస్తుంది, పక్కన కాగితం మీద గీత పడుతుంది. ఎంత పీల్చారు, ఎంత వేగంగా వదిలారు అన్నది ఆ గీత చెబుతుందట. ఆమె ఆ గీతను చూసి పెదవి విరవలేదు, మెచ్చుకోనూ లేదు. పేపర్లు దిద్దేటప్పుడు నా ముఖం కూడా ఇలాగే ఉంటుందేమో, పాపం పిల్లలు.

చివరికి మెట్లు. నన్ను కిందే ఉండమని, ఆయన పక్కనే ఎక్కుతూ కబుర్లు మొదలుపెట్టింది. ఏ ఊరు, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఎట్లా ఉంటారు అని. కబుర్లు కావట అవి, మాట్లాడుతూ ఎక్కగలడా లేదా అని చూడటమట. మొదటి మలుపు దగ్గర ఆయన ఆగి, చేతులు కడుక్కోండి అని గోడ మీద రాసి ఉన్న బోర్డును శ్రద్ధగా చదవడం నాకు కింది నుంచి కనిపించింది. అందులో అంతసేపు చదవడానికి ఏముంది?

దిగి వచ్చాక ఆమె చేతులు తుడుచుకుంటూ, "తీసేసే ముక్క సంగతి సర్జన్‌గారు చూసుకుంటరు. నేను చూసేది మిగిలేదాన్ని" అంది. ఎడమవైపు కోస్తున్నంతసేపూ, ఆ తర్వాత కొన్నాళ్ళూ మనిషి కుడి ఊపిరితిత్తి మీదే బతకాలట. ఆ కుడిది కూడా జబ్బుతో నలిగిందేనట. తెమడను దగ్గి బయటికి తీసే బలం లేకపోతే అది అక్కడే గడ్డకట్టి, కోత బాగా కుదిరినా మనిషి దక్కడట.

అంటే వద్దంటారా అని నేనే అడిగాను. వద్దనడం లేదు, నెల రోజులు టైం ఇస్తున్నాను అంది. పొద్దునా సాయంత్రం ఆవిరి పట్టాలి. మంచం అంచు మీంచి తల కిందికి వేలాడేసి పడుకుంటే నేను వీపు తట్టి తెమడ తీయించాలి. రోజూ నడవాలి, ఊపిరి కసరత్తు చేయాలి. జ్వరమొస్తే దాచకూడదు. ఏ గోలీ మింగినా, ఏ ఆకుపసరు తాగినా తనకు చెప్పాలి. కొన్ని గోలీలు తనిచ్చే మత్తు గ్యాసుకు పడవట, టేబుల్ మీద గుండె ఎదురుతిరుగుతుందట.

కాబట్టి ఫెయిల్ కాలేదు. సప్లిమెంటరీ ఇచ్చారు, అంతే.

డిసెంబర్ 10, ఆదివారం

టైం టేబుల్ రాసి వంటింటి తలుపు మీద అంటించాను. ఆవిరి, తట్టడం, అగ్గిపుల్లలు, నడక. ఆయన చూసి, పిల్లిమొగ్గలు కూడా రాయకపోయావా అన్నారు. చాలా రోజులకు ఎగతాళి చేశారు, సంతోషమేసింది.

అగ్గిపెట్టెలు కట్టలుగా తెస్తుంటే పక్క వాటా సమ్మక్క చూసింది. వాళ్ళాయన రాజలింగు రైల్వే వర్క్‌షాపులో పని చేస్తాడు, దమ్ము మనిషి, అంటే ఉబ్బసం. "ఏంది టీచరమ్మా, అగ్గిపుల్లలతోని కూర వండుతున్నవా?" అంది. సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు. దేవుడు మంచిగ చేస్తడు తియ్యమ్మా అని లోపలికి పోయింది.

తట్టడానికి మాత్రం ఆయన ఒప్పుకోలేదు. దగ్గరికి రావద్దు, నేనే ఎట్లనో తంటాలు పడతా అన్నారు. వీపు మీద ఎవరి చెయ్యి వాళ్ళే తట్టుకోగలరా? డాక్టరమ్మకు చెబుతానన్నాను. అప్పుడు, మూతికి గుడ్డ కట్టుకో అయితే అన్నారు. కట్టుకున్నాను. ఇంకో మడత అన్నారు. ఇంకో మడత కట్టుకున్నాను.

మంచం అంచు మీంచి తల వేలాడేసి బోర్లా పడుకున్నారు. కింద బూడిద పోసిన డబ్బా. అరచేయి దోసిలిలా వంచి ఎడమ డొక్క మీద, వీపు మీద తట్టాలి. ఐదేళ్ళ తర్వాత ఆయన వీపు నా చేతికి తగిలింది, అదీ డాక్టరు చీటీ మీద. పక్కటెముకలు ఒక్కొక్కటే తగిలాయి. ఎడమ భుజం కింద పుట్టుమచ్చ ఉండేది. ఉంది. తెమడ పడుతుంటే సిగ్గుపడి, పొమ్మని చెయ్యి ఊపారు. నేను పోలేదు.

గుడ్డ తడిసిపోయింది. అయ్యాక లోపలికి వచ్చి బియ్యం ఏరుతూ కూర్చున్నాను. అవి నిన్ననే ఏరిన బియ్యం.

డిసెంబర్ 13, బుధవారం

పొద్దున తట్టాను. సాయంత్రం తట్టాను.

డిసెంబర్ 14, గురువారం

తట్టాను. కొంచెం ఎక్కువసేపు తట్టాను. చాల్లే అనలేదు ఆయన.

డిసెంబర్ 24, ఆదివారం

క్యాంపస్‌లోకి నడక. సెలవులు కదా, హాస్టళ్ళ వైపు సందడి లేదు. ఆర్ట్స్ కాలేజీ దాకా పోదామన్నాను. గాలి ఎటు నుంచి వీస్తుందో చూసుకుని ఆయన నడుస్తారు. తన ఊపిరి నా మీదికి రాకుండా నన్ను ఎప్పుడూ గాలికి ఎదురు వైపు ఉంచుతారు. గాలి మారితే ఆయన పక్క మారుతారు. కొత్తగా చూసేవాళ్ళకు తాగినవాడి నడకలా ఉంటుంది. నేను కావాలని రెండుసార్లు పక్క మారాను. ఆయన మళ్ళీ మారారు.

అడిక్‌మెట్ రూముల్లో ఉండే ఆయన విద్యార్థులు ఇద్దరు ఎదురై నమస్కారం పెట్టారు. సార్, ఈసారి ఫీల్డ్ వర్కుకు మీరొస్తారా అన్నారు. వచ్చే ఏడు తప్పకుండా అన్నారు ఈయన. జబ్బుకు ముందు గుట్టలెక్కి సుత్తితో రాళ్ళు కొడుతూ తిరిగిన మనిషి. సాయంత్రం జేబుల నిండా రాళ్ళతో వచ్చేవారు, చొక్కా విప్పుతుంటే ఒంటి మీద ఎండ వాసన ఉండేది. ఆ వాసన ఇప్పుడు ఎంత తలుచుకున్నా రావడం లేదు.

ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర నాలుగు ఎక్కి ఆగారు, రాతి గురించి చెప్పారు. ఇది ఇక్కడి గట్ల రాయే, చూడు ఈ గులాబి రంగు దేనివల్ల వచ్చిందో తెలుసునా అని. మళ్ళీ నాలుగు ఎక్కి ఆగారు, మళ్ళీ పాఠం. పైదాకా ఇలాగే. ఇంత పాఠం చెప్పే ఓపిక వచ్చిందంటే ఆవిరి బాగా పనిచేస్తున్నట్టే.

ఇంటికొచ్చాక వరండాలో అగ్గిపుల్ల పెట్టాను. ఒక్క ఊదుకు ఆరిపోయింది. తడిక కొంచెం ఊగింది గానీ గాలి లేదు. గాలి లేదనే అనుకుంటున్నాను.

1968 జనవరి 3, బుధవారం

చలి. తలుపు సందులోంచి ఆయన పిల్లికూతలు వినిపించాయి. చలికి ఎవరికైనా అంతే.

జనవరి 6, శనివారం

ఒళ్ళు వెచ్చగా ఉందన్నారు. థర్మామీటరు పెట్టలేదు. పెడితే తెలుస్తుంది.

సోమవారం పరీక్ష. ఛాతీలో కూతలు వాకిలి దాకా వినిపిస్తున్నాయి. ఇంకో నెల గడువు అడుగుదామా అన్నాను. అంతే, ఆయనకు కోపం వచ్చింది. నాకు ఇంక ఈ వరండాలో ఉండే ఓపిక లేదు అన్నారు. నా ముఖం చూసి అన్నారు. అంతకన్నా నాకు ఇంకేం చెప్పాలి?

సమ్మక్క దగ్గరికి పోయింది నేనే. ఆయన పంపలేదు. "మా ఆయనకు దమ్ము లేస్తె గీ గోలీ ఒకటి ఏస్కుంటడు టీచరమ్మా. జర సేపట్ల కూతలన్ని బంద్ అయితయి. నిమ్మళంగ డ్యూటీకి పోతడు" అని కాగితంలో రెండు చుట్టి ఇచ్చింది. మంచి మనసుతోనే ఇచ్చింది. నేనేం చేయబోతున్నానో ఆమెకు చెప్పలేదు.

డాక్టరమ్మ గోలీల గురించి చెప్పింది ఆపరేషన్ టేబుల్ సంగతి. ఇవి మెట్లు. మెట్లకూ టేబుల్‌కూ చాలా తేడా ఉంది.

జనవరి 8, సోమవారం

పొద్దున బస్సెక్కే ముందు ఒక గోలీ ఇచ్చాను. సీతాఫల్‌మండి దాటేసరికి కూతలు లేవు. నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది, ఎవరికో తెలియదు.

అగ్గిపుల్ల మొదటి ఊదుకే ఆరిపోయింది, నోరు బార్లా తెరిచే. డబ్బా బాగా లేచింది. మెట్లు రెండంతస్తులూ ఎక్కారు, బోర్డులు చదవలేదు. డాక్టరమ్మ ఛాతీ ముందూ వెనకా విని, ఒకటికి రెండుసార్లు విని, ఆశ్చర్యంగానే ఉంది సార్, మంచిగ కష్టపడ్డరు అంది. నాడి పట్టుకుని గడియారం చూసింది. ఆయన వేళ్ళు వణుకుతున్నాయి. ఏమన్నా మందు వేసుకున్నారా అని అడిగింది. లేదన్నారు ఆయన. ఆమె నా వైపు చూసింది. లేదండీ, పరీక్ష కదా, భయం అన్నాను.

పద్దెనిమిదో తారీఖు, గురువారం ఆపరేషన్. పదహారున చేరాలి. బయటికి రాగానే ఆయన పెద్దగా నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగింది.

జనవరి 9, మంగళవారం

పాసయ్యారు.

జనవరి 10, బుధవారం

పాసయ్యారు. ఇంకేం కావాలి నాకు?

జనవరి 13, శనివారం

లోపలి గది కడిగాను. పరుపు ఎండలో వేశాను. కొత్త దుప్పటి కొన్నాను, నీలం గళ్ళది. ఇద్దరికీ సరిపోయే దుప్పటి ఇమ్మంటే కొట్టువాడు నన్ను ఎగాదిగా చూశాడు. చూడనీ.

సాయంత్రం సమ్మక్క గోడ మీంచి పిలిచింది. మీ సారు ఇంకో నాలుగు గోలీలు అడిగిండు, ఇయ్యమన్నవా అంది. నాకు తెలియదు. ఆయన్ను అడిగాను. దాచలేదు. ఆపరేషన్ పొద్దున ఒకటి వేసుకుంటా, కూతలు వింటే ఆమె చివర్లో వెనక్కి పంపేస్తాది అన్నారు. పరీక్ష హాల్లోకి చీటీ తీసుకుపోయే కుర్రాడిలా చెప్పారు. నేను చారు పొయ్యి మీద పెట్టి వచ్చాను, మాడింది.

నెల రోజులు ఆయన్ను పరీక్షకు తయారుచేశాను. ఊపిరికి ఏం చేశాను? అది ఎక్కడున్నది అక్కడే ఉంది. ఈ రోజు స్నానం చేసి వరండా దాకా రావడానికి గోడ పట్టుకున్నారు. నేను చూడనట్టు తల తిప్పుకున్నాను.

'నేను చూసేది మిగిలేదాన్ని' అంది ఆమె. మిగిలేది ఎంతో ఆమెకు తెలియదు. నాకు తెలుసు.

జనవరి 14, ఆదివారం

చెబితే ఆపరేషన్ ఆగిపోతుంది. ఆయన ఇక వరండాలోనే. నేను లోపలే.

చెప్పకపోతే.

జనవరి 16, మంగళవారం

ఆస్పత్రిలో చేర్చాను. వార్డులో మంచం ఇచ్చారు. పక్క మంచాలవాళ్ళకు ఆయన నవ్వుతూ రాళ్ళ కథలు చెబుతున్నారు. దిండు కింద గోలీల పొట్లం ఉంది, పక్క సర్దుతుంటే చేతికి తగిలింది.

మధ్యాహ్నం డాక్టరమ్మ రౌండుకు వచ్చి ఆయన్ను చూసి, వార్డు బయటి వరండాలోకి నడిచింది. నేను వెనకే పోయాను. ఇప్పుడు చెబితే నా చేతులతో నేనే ఆయన్ను తిరిగి తడిక వెనక పడుకోబెట్టినట్టు. ఇంకా ఎన్నేళ్ళు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆమె మెట్లు దిగబోతుంటే అమ్మా అని పిలిచాను.

అంతా చెప్పాను. జ్వరం, కూతలు, గోలీ, నా అబద్ధం, దిండు కింద పొట్లం. ఆమె కేకలు వేయలేదు. వేసినా బాగుండేది. గోడకు ఆనుకుని కాసేపు కళ్ళు మూసుకుంది.

"గురువారం పొద్దున ఆ గోలీ ఒంట్ల ఉండగ నేను గ్యాస్ ఇస్తే, గుండె దౌడు తీసి ఆగిపోతుండె టీచరమ్మా. ఎందుకు ఆగిందో నాకు జన్మల తెలవకపోవు" అంది.

నాకు ఏడుపు రాలేదు. రేపు ఏ మందూ లేకుండా మళ్ళీ చూస్తాను, పొట్లం తెచ్చి నాకివ్వండి అంది. ఆయన నిద్రపోతుంటే తీసి ఇచ్చాను.

జనవరి 17, బుధవారం

పుల్ల ఆరలేదు. డబ్బా సగం లేచింది. మొదటి మలుపు దాకా కూడా ఎక్కలేకపోయారు, మెట్టు మీదే కూర్చుండిపోయారు, గోళ్ళు నీలంగా తిరిగాయి. నేను చెప్పానని ఆయనకు అప్పటికే తెలిసిపోయింది. నా వైపు చూడలేదు.

ఆపరేషన్ వద్దు అని డాక్టరమ్మ రాసేసింది. తీయడానికి ఎంత చెడ్డదున్నా తీయొచ్చు, మిగిలేదానికి మోసే శక్తి లేదు అంది. కోయకపోతే ఏమవుతుందని అడిగాను. జాగ్రత్తగా ఉంటే ఏళ్ళు గడవచ్చు, చలికాలం ముందే మందులు, రోజూ తట్టడం, నెత్తురు పడితే వెంటనే రావడం. మాటివ్వలేను అని కూడా అంది.

లేవబోతుంటే ఆపి అడిగింది. కోయొద్దని ఏడ్చేవాళ్ళను చూశానుగానీ, కోయించుకోవడానికి దొంగతనం చేసినవాళ్ళను మిమ్మల్నే చూస్తున్నాను, ఎందుకింత తొందర అని. చెప్పేశాను, ఇంక దాచడానికి ఏం మిగిలిందని. కోయించుకుంటే లోపల పడుకుంటారని అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. వరండా సంగతి, కంచం సంగతి, గుడ్డ మడతల సంగతి చెప్పాను. ఆమె కుర్చీలో ముందుకు వంగింది.

"ఈయన తెమడల క్రిములు లేక రెండేండ్లు దాటింది. అంటదు. మొదటి దినమే మెట్లెక్కుతుంటే ఇంట్ల ఎట్ల ఉంటరని అడిగి, ఇగ వేరుగ ఉండే పని లేదని నేనే చెప్పిన. మీకు చెప్పలేదా?"

నేను బయటికి వచ్చేశాను. ఆమెకు నమస్కారం కూడా పెట్టలేదు.

జనవరి 18, గురువారం

ఈ రోజు ఆపరేషన్ కావలసిన రోజు. రిక్షాలో ఇంటికి తెచ్చాను. దిగీ దిగగానే ఆయన తిన్నగా వరండాలోకి పోయి మంచం మీద కూర్చున్నారు, ఏమీ జరగనట్టు. నేను ఎదురుగా నిలబడ్డాను. డాక్టరమ్మ ఏం చెప్పింది మెట్ల మీద అని అడిగాను.

"అది ఆమె చెప్పకముందే నాకు తెలుసు. శానిటోరియం వాళ్ళు చివరిసారి చూసినప్పుడే చెప్పినారు" అన్నారు.

రెండేళ్ళు. రెండేళ్ళుగా తెలిసి, బల్ల మీద తాళంచెవి పెట్టి పక్కకు జరిగిన మనిషి. గాలి చూసుకుని పక్క మారిన మనిషి. ఏం పాపం చేశానండీ నేను, గోడకూ నాకూ తేడా లేదా అని అరిచాను. సమ్మక్క వాటాలో చప్పుడు ఆగిపోయింది. విననీ అనుకున్నాను.

ఆయన తమ్ముడు శ్రీనివాసులు గురించి చెప్పారు. పోయాడని నాకు తెలుసు, ఇది తెలియదు.

"వాడు నా పక్కలోనే పండుకునేవాడు. వద్దంటే వినలేదు, నాకేమవుతాదిలే అన్నా అనేవాడు. నాకు మందులు పట్టినాయి, వానికి పట్టలేదు. డాక్టర్లు లేదంటే లేదని నా తలకాయకు తెలుసు. రాయైతే పగలగొట్టి చూస్తా, లోపల ఏముండాదో. నన్ను ఎట్ల పగలగొట్టి చూసేది? కోసి తీసి పారేస్తే నమ్మకం కుదురుతాదనుకున్నా. నిన్ను కూడా పోగొట్టుకుని నేనేంటికి బతికేది?"

లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను. జాలి ఉంది, కోపం అంతకంటే ఎక్కువ ఉంది. నా రెండేళ్ళు నాకెవరిస్తారు?

జనవరి 19, శుక్రవారం

మాట్లాడలేదు. తట్టాను. మాట్లాడకుండానే.

జనవరి 20, శనివారం

బడిలో ఒక పిల్లను ఊరికే తిట్టాను. ఇంటికి వచ్చేసరికి ఆయన అన్నం వండి ఉంచారు. మెతుకు పలుకుగానే ఉంది. తిన్నాను.

జనవరి 21, ఆదివారం

మధ్యాహ్నం. వర్క్‌షాపు సైరన్ లేదు, సమ్మక్కవాళ్ళు చుట్టాలింటికి పోయారు. వరండాలోకి మంచి ఎండ వచ్చింది. తట్టడానికి పోయాను. మూతికి గుడ్డ కట్టుకోలేదు. ఆయన చూసి గుడ్డ అన్నారు. లేదు అన్నాను. గౌరీ అన్నారు. బోర్లా పడుకోండి అన్నాను, ఐదో తరగతి గొంతుతో. పడుకున్నారు. వీపు బిగుసుకుని ఉంది, ఎంత తట్టినా వదులు కాలేదు. చాలాసేపటికి వదిలింది. ఈసారి తెమడ కూడా బాగా పడింది.

డబ్బా తీసి, చేతులు కడుక్కుని వచ్చి ఆ మంచం మీదే, ఆయన పక్కన పడుకున్నాను. ఒక మనిషి మంచం అది, నవారు మధ్యకు లాగేస్తుంది. ఆయన గోడవైపు జరిగారు, ఇంకా జరగడానికి చోటు లేదు. ముఖం అటు తిప్పుకుని ఊపిరి బిగపట్టారు. ఎంతసేపు బిగపడతారు ఆ ఊపిరితో? దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. నేను కదల్లేదు. దగ్గు తగ్గింది. ఊపిరి వదిలారు, అది నా మెడ మీద పడింది, వెచ్చగా.

ఐదేళ్ళుగా ఇదే కావాలనుకున్నాను. వచ్చింది. వచ్చాక ఏం చేస్తున్నానంటే, ఆ ఊపిరిని వింటున్నాను. లోపలికి పోయేటప్పుడు ఒక కూత, బయటికి వచ్చేటప్పుడు రెండు. మధ్యలో కొంచెం ఆగుతుంది. ఆగినప్పుడల్లా నేనూ ఆగుతున్నాను. తలుపు అవతల పడుకున్నన్నాళ్ళూ నాకు ఈ ఆగడం తెలియదు. ఇక ప్రతిరోజూ తెలుస్తుంది. ఆయన్ను కోస్తే పోతారని నిజం చెప్పి ఇంటికి తెచ్చుకున్నాను, కోయకపోతే ఎన్నాళ్ళుంటారో ఎవరూ చెప్పలేదు. ఎన్నాళ్ళైనా ఇక్కడే పడుకుంటాను.

నిద్రపోయారనుకున్నాను. ఆయన చెయ్యి మెల్లగా వచ్చి నా చెయ్యి మీద పడింది. భయంగా ఉందా అని అడిగారు. ఉంది అన్నాను.

నాకూ ఉంది అన్నారు. చెయ్యి మాత్రం తీయలేదు.